‘ఎ’నా, ‘ది’నా: ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం చెప్పే ఇంగ్లీషు పాఠం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు తరతరాలుగా వినిపిస్తోంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ వినే అక్కడి విద్యార్థులకు ఇంగ్లీషు రాసేటప్పుడు ఎదురయ్యే చిక్కుల్లో ‘ఎ’, ‘యాన్’, ‘ది’ అనే ఆర్టికల్స్ ఎంపిక ఒకటి.

తెలుగులో వీటికి సరిసమానమైన పదాలు లేవు. ‘రైలు వచ్చింది’ అంటే ఏదో ఒక రైలు కావచ్చు, ఎదురుచూస్తున్న రైలే కావచ్చు. అర్థాన్ని సందర్భమే తేలుస్తుంది. ఇంగ్లీషులో ఆ తేడాను వాక్యంలోనే చూపాలి. వినేవారికి ఇంకా తెలియని రైలైతే ‘ఎ ట్రెయిన్’, ఏ రైలో ఇద్దరికీ తెలిసినదైతే ‘ది ట్రెయిన్’.

బెంగాలీ వచ్చినవారికి ఈ భేదం కొత్తది కాదు. ‘ఏక్‌టా ట్రెన్’ అంటే ఏదో ఒక రైలు. ‘ట్రెన్‌టా’ అంటే తెలిసిన ఆ రైలు. బెంగాలీలో పదం చివర చేరే సూచన ఇంగ్లీషులో పదానికి ముందు వస్తుంది.

ఆర్టికల్ ఎంపికలో వాస్తవ సమాచారం కూడా ఇమిడి ఉంటుంది. 1,072.5 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాంను ఒకప్పుడు ‘ది లాంగెస్ట్ ప్లాట్‌ఫాం ఇన్ ది వరల్డ్’ అనేవారు. అన్నింటిలోకీ పొడవైనది ఒక్కటే కనుక అక్కడ ‘ది’ తప్పనిసరి. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫాం దాన్ని మించింది. 2023లో కర్ణాటకలోని హుబ్బళ్లిలో 1,507 మీటర్ల ప్లాట్‌ఫాం ప్రారంభమైంది. ఇప్పుడు ఖరగ్‌పూర్‌ది ‘ఎ వెరీ లాంగ్ ప్లాట్‌ఫాం’. పాత పుస్తకంలోని వాక్యాన్ని పోటీ పరీక్షలో యథాతథంగా రాస్తే వ్యాకరణం నిలుస్తుంది, సమాధానం తప్పుతుంది.

‘ఎ’, ‘యాన్’లలో ఏది రావాలన్నది అక్షరాన్ని బట్టి కాక ఉచ్చారణను బట్టి తేలుతుంది. ‘ఆర్’ హల్లే అయినా దాని పేరు అచ్చుతో మొదలవుతుంది. అందుకే ‘యాన్ ఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్’ అనాలి. ‘యూనివర్సిటీ’ని ఇంగ్లీషులో అచ్చుతో రాసినా పలికేది ‘య’కారంతో కనుక ‘ఎ యూనివర్సిటీ’ అనాలి. ‘లగేజ్’ వంటి, ఒకటి రెండు అని లెక్కించని పదాల ముందు ‘ఎ’ రాదు. ఖరగ్‌పూర్ వంటి ఊరి పేర్ల ముందు సాధారణంగా ఏ ఆర్టికలూ రాదు.

రాసే ముందు ఒక ప్రశ్న వేసుకుంటే చాలా వరకు చిక్కు తీరుతుంది. ఈ మాట వినగానే ఎదుటివారు ‘ఏది?’ అని అడుగుతారా? అడిగే అవకాశముంటే ‘ఎ’ లేదా ‘యాన్’, అడగనక్కర లేకపోతే ‘ది’.