మీకు తెలుసా? ఎక్కాలు రాని కాలిక్యులేటర్!

టీఐ-83 ప్లస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ను నడిపే జెడ్80 చిప్‌కు గుణకారం ఆదేశమే లేదు. మరి అందులో గేములెలా రాశారు?

తెర 96×64 చుక్కలు, అంటే చుక్కకు ఒక బిట్ చొప్పున వరుసకు 12 బైట్లు. బొమ్మను 5 వరుసలు కిందికి దింపాలంటే మెమరీలో 5×12 బైట్లు ముందుకు వెళ్లాలి. బిట్లను ఎడమకు ఒక్క గడి జరిపితే సంఖ్య రెట్టింపవుతుంది: 5, 10, 20, 40. చివరి రెండూ (4 రెట్లు, 8 రెట్లు) కలిపితే 60! ఎంత ముచ్చటైన లెక్కో చూడండి.

ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివినవాళ్లెవరైనా 8085 చిప్ ఉన్న శిక్షణ కిట్ మీద హెక్స్ కీలు నొక్కి ఉంటే, ఈ కిటుకు వాళ్లకు పాత చుట్టమే. ఆ చిప్‌కూ గుణకారం రాదు. 5ను 12 సార్లు కూడినా జవాబు వస్తుంది కానీ, సెకనుకు ఎన్నోసార్లు బొమ్మ గీయాల్సిన గేములో అంత తీరిక ఎక్కడిది?