గొలుసు పట్టుకున్న చేతులు

మా అపార్ట్‌మెంటు లిఫ్టు పక్కన ఒకరోజు చిన్న కాగితం అంటించి ఉంది. "మీ కుక్కను ఉదయం, సాయంత్రం వాకింగుకు తీసుకువెళతాను. మీరు ఊరు వెళితే జాగ్రత్తగా చూసుకుంటాను. నేను డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాను." కింద ఫోను నంబరు. చేతిరాత ముత్యాల్లా ఉంది.

చదివి మేమిద్దరం నవ్వుకున్నాము. మా చిన్నతనంలో పల్లెటూళ్ళో కుక్కను ఎవరు తిప్పేవారు? అదే ఊరంతా తిరిగి, అన్నం వేళకు వచ్చి వాకిట్లో కూర్చునేది. కాని ఇప్పుడు మేమున్నది సికింద్రాబాదులో, నాలుగో అంతస్తులో. మా అబ్బాయి ముచ్చటపడి పెంచుకున్న లాబ్రడార్ 'బ్రూనో', వాడు ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళాక మా పాలబడింది. దాని బరువు ముప్ఫై కిలోలు. మాకేమో మోకాళ్ళ నొప్పులు. మేము దాన్ని తిప్పుతున్నామో, అది మమ్మల్ని ఈడ్చుకుపోతోందో తెలియని పరిస్థితి! నవ్వు ఆపుకొని ఆ నంబరుకే ఫోను చేశాము.

పనిలో చిన్నతనం ఏముంది?

మర్నాడు వచ్చిన కుర్రవాడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. నల్గొండ దగ్గర పల్లె. తండ్రి ఆటో నడుపుతాడు. వస్తూనే కుక్కను ముద్దు చేయలేదు. ఒక పక్కగా కూర్చుని, అదే దగ్గరకు వచ్చి వాసన చూసేదాకా ఆగాడు. తర్వాత నోటు పుస్తకం తీశాడు. "ఏం తింటుంది అంకుల్? టీకాలన్నీ వేయించారా? ఏ డాక్టరుకు చూపిస్తారు? దేనికి భయపడుతుంది?" అంటూ ఒక్కొక్కటే రాసుకున్నాడు. ఇన్నేళ్ళుగా పెంచుతున్న మాకే కొన్నిటికి జవాబు వెంటనే తోచలేదు.

నెలకు పదిహేను వందలకు ఒప్పుకున్నాడు. అలాంటివి మూడు ఇళ్ళు కుదిరాయి. ఆ డబ్బుతో హాస్టలు ఖర్చు చాలావరకు గడిచిపోయేది.

ఈ సంగతి తెలిసి వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చాడు. "కొడుకును డిగ్రీ చదివిస్తున్నది కుక్కలు తిప్పడానికా సార్?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ. మేము ఏమీ వాదించలేదు. కొడుకు నోటు పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాము. ఏ రోజు ఎన్ని గంటలకు వచ్చిందీ, కుక్క ఏం తిన్నదీ, ఎంత డబ్బు ముట్టిందీ, అందులో ఎంత ఇంటికి పంపిందీ అన్నీ అందులో ఉన్నాయి. ఆయన చాలాసేపు పేజీలు తిప్పాడు. టీ తాగి, "పరీక్షల్లో మాత్రం తప్పకూడదు" అని చెప్పి వెళ్ళాడు.

చూసినంత తేలిక కాదు

ఈ పనిలో ఎంత తెలివి కావాలో ఆ అబ్బాయిని చూశాకే మాకు అర్థమైంది. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. ముఖ్యంగా నోరు తెరిచి వగర్చడం ద్వారా అది ఒంటి వేడి తగ్గించుకుంటుంది. అందుకే వేసవిలో తెల్లవారుజామునే తీసుకువెళ్ళి, ఎండ ముదరకముందే తిరిగి తెచ్చేవాడు. సాయంత్రం బయలుదేరేముందు అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఆనించి చూసేవాడు. ఏడు సెకన్లు ఆనించలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలను కూడా కాల్చేస్తుందనేవాడు. పగ్ వంటి చప్పిముక్కు జాతులకు ఎండ మరీ ప్రమాదమట.

మేము ప్రేమకొద్దీ పెట్టే చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ కలిసిన కూర కుక్కలకు విషంతో సమానమని చెప్పి మాన్పించింది కూడా అతడే.

దాచుకున్న గాయం

ఒక సోమవారం ఆ అబ్బాయి నిండు చేతుల చొక్కా వేసుకుని వచ్చాడు. ఎండాకాలంలో ఇదేమిటని మేము అడిగితే మాట దాటేశాడు. బ్రూనో గొలుసు అందుకోబోతుంటే చెయ్యి పైకి జరిగి, మణికట్టు దగ్గర గాయం కనిపించింది. శనివారం సందు మలుపులో వీధికుక్కలు చుట్టుముట్టాయట. బ్రూనోను వెనక్కు లాగబోతే ఒకటి కరిచింది.

"రక్తం కొంచెమే వచ్చింది ఆంటీ. పసుపు, కాఫీపొడి అద్దాను. చెబితే పని మాన్పిస్తారని..." అన్నాడు.

మా గుండె ఆగినంత పనైంది. రెండు రోజులు! రేబిస్ క్రిమి నరాల వెంట మెదడుకు పాకుతుంది. లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అయితే బయటపడేందుకు సాధారణంగా కొన్ని వారాలో, నెలలో పడుతుంది. ఆ వ్యవధిలోనే ప్రాణం కాపాడుకోవాలి. వెంటనే ఆటో ఎక్కించి ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళాము. రక్తం వచ్చిన గాయం కనుక టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇచ్చారు. "ఆలస్యమైందని మానేయకుండా మంచిపని చేశారు" అన్నారు డాక్టరుగారు. మిగతా తేదీలు చీటీ మీద రాసిచ్చారు. ఒక్కటీ తప్పకుండా మేమే వెంట వెళ్ళాము.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కుక్కకు ఏటేటా టీకా వేయించిన మేము, దాన్ని తిప్పే బిడ్డను ఆ మాట ఒక్కసారి అడిగామా? దెబ్బ తగిలితే చెప్పుకునే ధైర్యం ఇచ్చామా? అతడు దాచడంలో సగం తప్పు మాదే.

అందరికీ పనికివచ్చే మాటలు

కుక్క కరిస్తే, గీరినా సరే, ముందు సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి వద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. చెప్పిన తేదీలన్నిటికీ టీకా వేయించుకోండి.

కుక్కలతో పనిచేసే యువకులు డాక్టరును అడిగి ముందుగానే టీకా వేయించుకోవడం మంచిది. అయినా కరిస్తే మళ్ళీ వెళ్ళవలసిందే.

పని ఇచ్చే కుటుంబాలు గట్టి గొలుసు, సరైన బెల్టు ఇవ్వాలి. జంతువుల డాక్టరు నంబరు రాసివ్వాలి. దెబ్బ తగిలితే ఖర్చు మనదేనని మొదటిరోజే చెప్పాలి. తాళంచెవి ఇచ్చి ఊరు వెళ్ళేముందు ఆ బిడ్డ తల్లిదండ్రులతో ఒకసారి మాట్లాడాలి.

పై చదువులకు విదేశాలు వెళ్ళిన పిల్లలున్న తల్లిదండ్రులకు మరొక మాట. అక్కడ కుక్కలను చూసుకోవడం గౌరవమైన పనే. కాని బ్రిటనులో స్టూడెంటు వీసా మీద ఉన్నవారు సొంతంగా ఇలాంటి పని పెట్టుకోకూడదు. అమెరికాలో కూడా అనుమతి లేకుండా కాలేజీ బయట పనిచేస్తే వీసాకే ముప్పు. చిన్న సంపాదనకు పెద్ద చదువు పోగొట్టుకోవద్దని ముందే చెప్పండి.

మా కుర్రవాడు ఇప్పుడు చివరి సంవత్సరానికి వచ్చాడు. చేతి మీద మచ్చ ఉండిపోయింది. రోజూ సాయంత్రం మేము ముందు అతని చేతులు చూస్తాము, ఆ తర్వాతే గొలుసు అందిస్తాము. "ఏం లేదు ఆంటీ" అని నవ్వుతాడు. మీ ఇంటికి పనికి వచ్చే బిడ్డ ఎవరైనా సరే, ఈ రోజు ఒక్కసారి అడిగి చూడండి.