అసలేది? నకలేది?

ఇంటి కంప్యూటర్‌లో పేరుకుపోయిన జంట ఫైళ్ళను పట్టుకోవడం యంత్రం పని. వాటిలో ఏది మిగలాలో తేల్చడం మనిషి పని.

బిలాస్‌పూర్ రైల్వే పట్టణానికి తెలుగు కొత్త కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే వెంట కోస్తా జిల్లాల నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఈ దారి పొడవునా స్థిరపడ్డాయి. అటువంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. గోల్ బజార్‌లో పండుగ బట్టలు కొన్నరోజు నాయనమ్మతో దిగిన ఫోటో ఆ ఇంటి కంప్యూటర్‌లో ఉంది. ఫోన్ నుంచి నేరుగా ఎక్కించినది ఒకటి. పెన్‌డ్రైవ్‌లో దాచి మళ్ళీ ఎక్కించినది మరొకటి. విశాఖలోని మేనత్తకు వాట్సాప్‌లో పంపగా, ఆమె తిరిగి పంపినది ఇంకొకటి. ఇలాంటివి వేలకు చేరి డిస్కు నిండిపోయింది. కొన్ని పోక తప్పదు. కాని ఏవి?

పేరును నమ్మరాదు

ఒకే ఫైలుకు రెండు పేర్లుండవచ్చు. ఒకే పేరుతో రెండు వేర్వేరు ఫైళ్ళూ ఉండవచ్చు. తెలుగు పేర్లలో మరొక చిక్కు ఉంది. 'పైడితల్లి' అనే మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. అనేక వ్యవస్థలకు అవి రెండు వేర్వేరు పేర్లు.

తేదీ కూడా గట్టి సాక్ష్యం కాదు. నకలు తీసిన రోజే ఫైలు పుట్టినరోజుగా నమోదు కావచ్చు.

అంకెల వేలిముద్ర

అందుకే సాధనాలు లోపలి సరుకును పరీక్షిస్తాయి. పరిమాణం వేరైతే రెండు ఫైళ్ళు ఒకటి కానేరవు గనుక, ముందుగా సమాన పరిమాణం గలవాటిని జతపరుస్తాయి. ఆపైన ప్రతి ఫైలుకూ హాష్ అనే గణితముద్రను లెక్కకడతాయి. షా-256 పద్ధతిలో ఈ ముద్ర 64 అక్షరాంకెల వరుస. ఫైలులో ఒక్క బిట్టు మారినా ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది.

2017లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు, గూగుల్ నిపుణులు కలిసి, పాతదైన షా-1 పద్ధతిలో ఒకే ముద్ర గల రెండు భిన్నమైన ఫైళ్ళను సృష్టించి చూపారు. అది అపారమైన గణనతో పనిగట్టుకుని సాధించినది. ఇంటి ఫైళ్ళలో దానంతటది జరిగేది కాదు. అయినా కొన్ని సాధనాలు చివరకు బైటు బైటునూ పోల్చిగాని తీర్పు చెప్పవు.

కవలలు కాని కవలలు

ఈ పరీక్షలో ఫోన్ ఫోటో, పెన్‌డ్రైవ్ ఫోటో అచ్చమైన కవలలుగా తేలుతాయి. ఒకటి తీసివేసినా నష్టం లేదు. వాట్సాప్ ఫోటో మాత్రం జతకలవదు. పంపేటప్పుడు అది సాధారణంగా కుదించుకుపోతుంది. తీసిన తేదీ వంటి వివరాలూ రాలిపోతాయి. అటువంటి పోలికలను పట్టడానికి డూప్‌గురు వంటి ఉచిత సాధనాలలో చిత్రాలను పోల్చే విధానం ప్రత్యేకంగా ఉంది. అసలు ప్రమాదం ఇక్కడే. తొందరలో పెద్దదాన్ని తుడిచి చిన్నదాన్ని ఉంచుకుంటే, నాయనమ్మ ముఖంలోని ముడతలు మళ్ళీ రావు.

తుడిచే ముందు

ముందుగా మొత్తం సరుకును వేరొక డిస్కులోకి ఎక్కించి పక్కన పెట్టాలి. వెతుకులాటను ఫోటోలు, పాటలు, పత్రాలున్న ఫోల్డర్లకే పరిమితం చేయాలి. విండోస్ సొంత ఫోల్డర్లలో ఒకేలా ఉన్న ఫైళ్ళు అనేకం అవసరంకొద్దీ ఉన్నవే. తీసినవాటిని తక్షణం నాశనం చేయక, రీసైకిల్ బిన్‌లో కొన్నాళ్ళు ఉంచాలి. పెన్‌డ్రైవ్‌లో తుడిచినవి సాధారణంగా అందులోకి చేరవని మరువరాదు. ఇంటర్నెట్ నిల్వతో ముడిపడిన ఫోల్డర్‌లో ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోవచ్చు.

సి.పి. బ్రౌన్ వేమన పద్యాల రాతప్రతులెన్నో సేకరించి, వాటిని పోల్చి చూసిన తరువాతనే 1829లో అచ్చు వేయించాడు. ఒకే పద్యం పది ప్రతులలో ఉన్నదని తొమ్మిదింటిని పారవేసి ఉంటే, పాఠభేదాలు మనకు దక్కేవి కావు. ఒకే డిస్కులో రెండవ ప్రతి చోటు దండగ. వేరొక చోట భద్రంగా ఉన్న రెండవ ప్రతి ఇంటికి రక్ష. ఈ రెండింటి తేడా తెలిసిన చేతికే తుడిచే అధికారం ఉండాలి.