టెనెంట్ స్క్రీనింగ్ రిపోర్ట్

అమెరికాలో ఇల్లు అద్దెకిచ్చే ముందు యజమానులు ప్రైవేటు సంస్థల నుంచి తెప్పించుకునే అద్దెదారు చరిత్ర ఇది. ఖాళీ చేయించాలంటూ దావా పడితే చాలు, కోర్టు కొట్టేసినా ఇందులోకి ఎక్కవచ్చు. పేరొక్కటే చూసి జతచేస్తే ఒకరి కేసు మరొకరి నెత్తిన పడుతుంది. చేయని తప్పుకు ఇల్లు దొరక్కపోవడం ఘోరమైన అన్యాయం. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం, ఈ రిపోర్టు వల్ల ఇల్లు నిరాకరిస్తే ఆ సంగతీ, రిపోర్టు ఇచ్చిన సంస్థ పేరూ యజమాని తెలపాలి. ఆ సంగతి తెలిపాక 60 రోజుల్లోగా అడిగితే సంస్థ రిపోర్టు ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. తప్పుందని ఫిర్యాదు చేస్తే సంస్థ సాధారణంగా 30 రోజుల్లో విచారించి సరిదిద్దాలి. ఈలోగా ఆ ఇల్లు చేజారవచ్చు. అందుకే కొత్త దరఖాస్తుతోపాటే కేసు కొట్టేసిన ఉత్తర్వు నకలు, పాత యజమాని లేఖ ఇవ్వడం మేలు. కాలిఫోర్నియాలో 2017 నుంచి, దావా వేసిన 60 రోజుల్లో యజమాని గెలవకపోతే ఆ రికార్డును సాధారణంగా బయటివారికి చూపరు.