13 క్యూసెక్కుల జలపాతం

ముప్పయ్యేళ్లకు పైగా బందరు కాలువ మీద ఉద్యోగం చేశాను. నాకు నీరంటే గేజి మీద అడుగులూ అంగుళాలూ. ఏ షట్టరు ఎంత ఎత్తాలి, చివరి ఊరి వంతు ఎప్పుడు, అంతే. బెజవాడలో బయల్దేరి బందరు దాకా ఆ నీరు చప్పుడు చేయకుండా పోతుంది. డెల్టా నేలకు వాలు అంత తక్కువ. రిటైరయ్యాక మా ఆవిడ అంది: "ఏవండీ, ఇన్నాళ్లూ పారే నీళ్లే చూశాం. పడే నీళ్లు ఒక్కసారి చూద్దాం."

కార్తీక మాసంలో వెళ్లాం. వానలు తగ్గి, వాగుల్లో నీళ్లు ఇంకా నిండుగా ఉండే రోజులవి. రాజమహేంద్రవరం దాటి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. మైదానం అయిపోయి ఘాటీ మొదలయ్యాక మా ఆవిడ మాటలు ఆగిపోయాయి. వెదురు పొదలు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. పిల్లి అంత ఉడుత ఒకటి చెట్టు మీంచి చెట్టు మీదికి దూకింది. దాన్ని బెట్లుడుత అంటారు.

ఈ అడవిని ఆనుకునే పాపికొండ జాతీయ పార్కు ఉంది. 1978లో అభయారణ్యంగా మొదలై, 2008లో జాతీయ పార్కయింది. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే. పులి, అడవిదున్న, ఎలుగుబంటి తిరిగే చోటు. అటవీశాఖ విడిదిలో టెంటు తీసుకున్నాం. అక్కడ వంటా కాపలా దారి చూపడం అన్నీ స్థానిక గిరిజనులవే. 1882 మద్రాసు అటవీ చట్టం వీళ్ల పోడు మీద ఆంక్షలు పెట్టింది. 1922లో ఈ మన్యం అల్లూరి వెంట నడవడానికి ఆ కోపమూ ఒక కారణం. అలాంటి అడవిలో ఇవాళ వాళ్లే మనకు ఆతిథ్యమిస్తుంటే నాకు చాలా తృప్తిగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే అమృతధారకు నడిచాం. కనిపించక ముందే వినిపించింది. తూర్పు కనుమల రాయి చాలా గట్టిది. నీరు దాన్ని అంత తొందరగా అరగదీయలేదు. అందుకే అంచు దగ్గర రాయి మెట్టులా మిగిలిపోతుంది, వాగు అక్కణ్నుంచి కిందికి దూకుతుంది. మా ఆవిడ తుంపరలో నిలబడి చాలాసేపు కళ్లు మూసుకుంది.

మాకు తోడొచ్చిన కొండరెడ్డి కుర్రాడు నీళ్లలో దిగే ముందే ఒక మాట చెప్పాడు. "నీళ్లు ఎర్రబడితే, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తే వెంటనే ఒడ్డెక్కేయండి అయ్యా. పైన కొండ మీద వాన పడినట్టే." ఇక్కడ ఎండ కాస్తున్నా సరే వాగు క్షణాల్లో పొంగుతుందట. మా కాలువకైతే పైనుంచి ఫోనొస్తుంది, షట్టర్లున్నాయి. ఇక్కడ ఆ కుర్రాడి కళ్లే గేజి. జలపాతాలకు వెళ్లే కుర్రకారు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. నాచు పట్టిన బండల మీద ఫొటోల కోసం ఎక్కొద్దని కూడా బతిమాలి చెబుతున్నాను.

"ఇది ఎన్ని క్యూసెక్కులుంటుందంటారు?" అని మా ఆవిడ అడిగింది. దిగువన వాగు తిన్నగా పారేచోట చూశాను. వెడల్పు పదడుగులు, లోతు సుమారు అడుగు. ముప్పై అడుగులు కొలిచి, ఎండుటాకు ఒకటి వదిలాను. చివరికి చేరడానికి ఇరవై సెకన్లు పట్టింది. అంటే సెకనుకు అడుగున్నర. పైనీరు అడుగునీటికంటే వేగంగా పోతుంది కాబట్టి కొంత తగ్గించాలి. దగ్గర దగ్గర 13 క్యూసెక్కులు తేలింది.

ఆ రాత్రి మంట దగ్గర కూర్చుని పట్టిసీమ లెక్క చెప్పాను. ఈ మన్యం వాగులు చాలావరకు గోదావరిలో కలుస్తాయి. గోదావరి నీటిని పట్టిసీమ దగ్గర 24 పంపులు ఎత్తి, పోలవరం కుడి కాలువలో పోస్తాయి. అది ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసి ప్రకాశం బ్యారేజీకి, అక్కణ్నుంచి మన కాలువలకు వస్తుంది. అన్ని పంపులూ ఆడితే 8,500 క్యూసెక్కులు. మనం చూసిన జలపాతం లాంటివి ఆరు వందల యాభై కలిస్తే అంత.

"అన్ని వాగులా!" అని చీకట్లోకి చూసింది. వినపడేది ఒక్క వాగు చప్పుడే. చలి బాగా ఉంది. దోమతెర బిగించుకుని పడుకున్నాం, ఏజెన్సీలో మలేరియాతో ఆటలొద్దు. నాకు మాత్రం తెల్లవారేదాకా నిద్ర రాలేదు, రావాలనీ అనిపించలేదు.

ఇంటికొచ్చిన సాయంత్రం బందరు కాలువ వంతెన మీద బండి ఆపమంది. దిగి, కిందికి చూసింది.

"వీటిలో మన జలపాతం నీళ్లున్నాయా?"

"ఇప్పుడు పంపులు ఆపేసుంటారు. గోదావరికి వరదొచ్చినప్పుడు వదులుతారు."

"అయితే ఆషాఢంలో మళ్లీ ఇక్కడికి తీసుకురండి," అని బండెక్కింది.