పొద్దుగూకక ముందే కూలి: బైబిల్ చెప్పే సంతోషం ఏంది?

మొన్న రహమత్ నగర్‌ల చాయ్ హోటల్ కాడ ఒక పోరడు నన్ను ఆపిండు. పాలమూరు దిక్కు పల్లె నుంచి వచ్చిండు. కృష్ణానగర్‌ల నలుగురితోటి రూమ్ పంచుకొని, షూటింగులల్ల లైట్లు మోస్తుండు. “అన్నా, మా రూమ్‌ల ఉండేటోడు ఆదివారం చర్చికి రమ్మంటుండు. వాక్యం ప్రకారం బతికితే నిజమైన సంతోషం దొరుకుతదట, అప్పులు తీర్తయట. నిజమేనా?” అని అడిగిండు.

నేను పాస్టర్ని కాదు. బస్తీలల్ల సంఘం పని చేసుకుంట, దొరికిన పుస్తకమల్లా సదువుకుంట పోయేటోన్ని. బైబిల్ కూడ అట్లనే సదివిన, ఒకటికి రెండుసార్లు. వానికి చాయ్ చల్లారేదాక చెప్పిన ముచ్చటే మీకూ చెప్త.

అప్పులు తీరే సంగతి పక్కన పెట్టు తమ్మీ. ముందు ‘సంతోషం’ అన్న మాట చూద్దాం. మత్తయి సువార్త 5వ అధ్యాయంల ఏసు కొండ మీద కూసొని చెప్పిన మాటలున్నయి. ఎవరు ధన్యులో అక్కడ వరుస పెట్టి చెప్తడు. మన భాషల ధన్యుడు అన్న మాట ధనం కెల్లే పుట్టింది. అందుకే చెవికి మోసం అయితది, పైసలున్నోని గురించి అన్నట్టు వినిపిస్తది. కానీ ఆ వరుసల పైసలున్నోడు ఒక్కడు లేడు. ఏడ్చేటోళ్లున్నరు, న్యాయం కోసం ఆకలిగొన్నోళ్లున్నరు, కొట్లాటలు ఆపేటోళ్లున్నరు, న్యాయం కోసం దెబ్బలు తిన్నోళ్లున్నరు. లూకా సువార్త 6వ అధ్యాయంల ఇంకా నేరుగ ఉంటది. పేదోళ్లను ధన్యులంటడు, ఉన్నోళ్లను మాత్రం హెచ్చరిస్తడు. కనికరం ఉన్నోళ్లు కూడ మత్తయి వరుసల ఉన్నరు. మా బస్తీ పేరుల ఉన్న ‘రహమత్’కు అర్థం కూడ కనికరమే. ఈ గల్లీలల్ల ముప్పై ఏండ్లుగా ఉంటున్నోళ్లకే ఆ సంగతి తెల్వదు, అది వేరే ముచ్చట.

అంటే బైబిల్ చెప్పే సంతోషం మనకు వచ్చి పడే లాభం కాదు. మనం ఇంకొకరితోటి ఎట్ల మెలుగుతున్నమో దాంట్ల ఉన్నది. ఇది నా సొంత కవిత్వం అనుకోకుండ్రి, కూలి సంగతే చూడుండ్రి.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంల ఒక రూలున్నది. కూలోని కూలి ఏ రోజుది ఆ రోజే, పొద్దుగూకక ముందే ఇచ్చెయ్యాలె. ఎందుకంటే వాడు దాని మీదనే ఆశ పెట్టుకొని ఉంటడు. లేవీయకాండం 19ల కూడ ఉన్నది, కూలి పైసలు తెల్లారేదాక నీ కాడ ఉండొద్దని. యాకోబు రాసిన పత్రికల 5వ అధ్యాయం ఇంకా ఘాటు. ఆసామి ఆపుకున్న కూలి తనంతట తానే మొర పెడ్తదట, ఆ మొర దేవుని చెవుల పడ్తదట.

2025 ఆగస్టుల సినిమా కార్మికులు షూటింగులు బంద్ పెట్టిన్రు, యాదికున్నదా? 30 శాతం కూలి పెంచాలన్నరు, పెంచిన కూలి ఏ రోజుది ఆ రోజే ఇయ్యాలన్నరు. రెండు వారాలు దాటిపోయింది బంద్. అప్పుడు కృష్ణానగర్, రహమత్ నగర్ గల్లీలల్ల కిరాణం దుకాణపోళ్లు ఉద్దెర ఇయ్యనీకి కూడ ఎనకా ముందు చూసిన్రు. ఆ డిమాండ్ వేల ఏండ్ల కింద రాసిపెట్టిన పాత రూలే. దానికోసం ఇయ్యాల సమ్మె చెయ్యవలసి వచ్చింది.

ఇంకో కథ మత్తయి 20ల ఉన్నది. ద్రాక్షతోట ఆసామి అడ్డా మీదికి పోయి కూలోళ్లను తెచ్చుకుంటడు. పొద్దుగాల కొందరిని, పగటీలి కొందరిని. పొద్దుగూకే ముందు పోతే ఇంకా కొందరు నిలబడే ఉంటరు, మమ్ముల ఎవ్వరు పిలువలే అంటరు. వాళ్లనూ తీస్కపోతడు. పైసలిచ్చేటప్పుడు గంటసేపు చేసినోనికీ నిండు రోజు కూలే ఇస్తడు. పొద్దంత చేసినోళ్లు గులుగుతరు. అడ్డా మీద పొద్దంత నిలబడి ఉత్త చేతులతోటి ఇంటికి పోయినోనికి ఈ కథ ఎవ్వరు విడమర్చి చెప్పే పనిలేదు. పని దొరకలేదని పొట్ట ఊకుంటదా?

నా సంగతి కూడ చెప్పాలె, లేకుంటే నీతులు చెప్పినట్టయితది. పోయినేడు వానలకు మా ఇంటి గోడ పగిలితే ఒక మేస్త్రిని పెట్టుకున్న. రెండు రోజుల పని. ఆఖరి రోజు 1,200 బాకీ పడ్డది. జేబుల పైసలున్నయి, అయినా మర్నాడు ఒక మీటింగుకు ఖర్చున్నదని “ఎల్లుండి రా” అన్న. ఆ మీటింగేందో తెలుసా? కూలి రేట్ల మీద. నేనే మాట్లాడిన, చప్పట్లు కూడ కొట్టిన్రు. ఇంటికొచ్చి అన్నం ముందు కూసుంటే ముద్ద దిగలే. మత్తయి 5లనే ఇంకో మాటున్నది, నీ మీద ఎవనికన్న గులుగు ఉన్నదని యాదికొస్తే కానుకను అక్కడనే ఇడిచి ముందు వాని కాడికి పోవాలని. రాత్రి తొమ్మిదిన్నరకు బోరబండల వాని రూమ్ ఎతుక్కుంట పోయిన. వాడు తిట్టలే, పైసలు లెక్క పెట్టుకోలే, సక్కగ బిడ్డకు మందులు తెస్తనని చెప్పులేసుకుండు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. అది సంతోషమా అంటే, నాకు తెలిసినంతల అదే.

“గిట్ల బతికినోళ్లు ఎవరన్న ఉన్నరా అన్నా?” అని మా పోరడు అడిగిండు. ఉన్నరు, దూరం పోనక్కర లేదు, తెలుగోళ్లే. ఒంగోలు దిక్కు యెర్రగుంట్ల పేరయ్య అని ఒక మాదిగాయన ఉండె. తోళ్ల యాపారం చేసేటోడు, అంతకుముందు యోగం నేర్చుకొని గురువుల ఎంబడి తిరిగినోడు. 1866ల భార్యతోటి కలిసి బాప్తిస్మం తీసుకుండు. తర్వాత ఊరూరు తిరిగి తన మనుషులకు చెప్పిండు. ఆ రోజులల్ల చేరినోళ్లు మూడు మాటలకు కట్టుబడాలె: విగ్రహాలకు మొక్కొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, ఆదివారం పని చెయ్యొద్దు.

ఆ మూడోది సిన్న ముచ్చట కాదు. అప్పటిదాక మాదిగోళ్లకు సెలవు అన్నదే లేదు. పిలిస్తే పోవాలె, డప్పు కొట్టమంటే కొట్టాలె. గిప్పుడు వారానికి ఒక్క రోజు “రాము” అన్నరు. ఊరి పెద్దలు ఊకుంటరా? బాయి నీళ్లు బంద్, అంగడి బంద్. అయినా వెనక్కి పోలే. 1876–78 కరువుల అమెరికా మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వే పనిల కొంత కాంట్రాక్టు పట్టి జనానికి కూలి చూపిచ్చిండు. తిండి కోసం మతం మారిన్రన్న మాట రావొద్దని ఆ పనులు నడిచినన్ని దినాలు బాప్తిస్మాలు ఆపిండు. పనులు ఒడిసినంక, 1878 జులై 3 ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నరు.

వాళ్లకు అప్పులు తీరలే. బంగ్లాలు రాలే. పైగా 1950ల వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుతోటి క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేకుండ పోయింది. సిక్కులైనోళ్లకు 1956ల, బౌద్ధులైనోళ్లకు 1990ల ఇచ్చిన్రు కానీ వీళ్లను ఇయ్యాల్టికీ బీసీ–సీల పెట్టిన్రు. వాక్యం ప్రకారం బతికితే లాభమే లాభం అనేటోడు ఈ లెక్క చెప్పడు. నూనె సీసా అమ్మేటోడు అసలే చెప్పడు.

చర్చిలు కూడ అంత సక్కగ ఏమీ లేవు. యాకోబు 2ల ఉన్నది, బంగారు ఉంగరమోడు వస్తే మంచి జాగల కూసోబెట్టి, మాసిన బట్టలోన్ని కింద కూసోమంటే అది తప్పని. మా దిక్కు ఒక రేకుల షెడ్డు ప్రార్థనల కారు దిగినోని కోసం ముసలవ్వను కుర్చీల నుంచి లేపుడు నా కండ్లతోటి చూసిన. పెండ్లి సంబంధం కాడికి వస్తే కులం అడగని విశ్వాసిని ఎతకాలంటే టార్చిలైట్ పట్టుకోవాలె.

పోరడు అన్నీ విని “అయితే పోవాల్నా, వద్దా?” అన్నడు. పొమ్మనీకి, వద్దనీకి నేనెవన్ని? ముందు నువ్వే సదువు అన్న. మత్తయి 5, 6, 7 అధ్యాయాలు, తర్వాత యెషయా 58, ఆఖరికి యాకోబు పత్రిక. యాకోబు అయిదు అధ్యాయాలే. బోరబండ నుంచి సికింద్రాబాద్ పొయ్యే బస్సుల సీటు దొరికితే దిగేలోపు అయిపోతది.