హోమ్ లోన్ ఈఎంఐలు ఆగిపోయాయా? ఇల్లు వేలానికి వెళ్లకముందే ఇవి తెలుసుకోండి

సూళ్లూరుపేట: పులికాట్ చుట్టుపక్కల సూళ్లూరుపేట, తడ ప్రాంతాల్లో శ్రీసిటీ జీతాన్నో, చేపల వేటనో నమ్ముకుని హోమ్ లోన్ తీసుకున్నవాళ్లున్నారు. పని తగ్గితే ఈఎంఐ తప్పుతుంది. వరుసగా మూడు తప్పితే మాత్రం కథ మారిపోతుంది.

బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఈలోపే బ్రాంచ్ మేనేజర్‌ను కలవండి. లోన్ గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం బ్యాంకు ఇష్టమే. కానీ ఎన్‌పీఏ అయ్యాక అడిగితే ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. చాలామంది బ్యాంకు ఫోన్ ఎత్తడం మానేస్తారు. ఇంకొందరు బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఈఎంఐ కడతారు. అంటే ఏడాదికి 36 శాతం! ఆ పని మాత్రం వద్దు.

ఎన్‌పీఏ అయ్యాక 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, కోర్టులో దావా వేయకుండానే బ్యాంకు ఇంటిని అమ్మకానికి పెట్టొచ్చు. అయితే ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. మీరు అభ్యంతరం రాసిస్తే, దాన్ని ఒప్పుకోకపోతే 15 రోజుల్లో కారణాలు చెప్పాలి. ఆ తర్వాత ఇంటిని స్వాధీనం చేసుకునే చర్య మొదలైతే 45 రోజుల్లో డీఆర్‌టీకి, అంటే రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. వేలం రోజు దాకా డబ్బు కట్టి ఇల్లు విడిపించుకోవచ్చని ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. 2016లో చట్టాన్ని సవరించాక అలా కుదరదు. పేపర్లో వేలం ప్రకటన రాకముందే ఖర్చులతో సహా మొత్తం బాకీ కట్టేయాలి. 2023లో బఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది.

ఎలాగూ కట్టలేమనిపిస్తే బ్యాంకు రాతపూర్వక అనుమతితో ఇంటిని మీరే అమ్ముకోవడం నయం. వేలంలో మార్కెట్ రేటు పలకడం కష్టం. ఒకవేళ వేలమే జరిగినా బాకీ, ఖర్చులు పోను మిగిలిన సొమ్ము మీదే, అడిగి తీసుకోండి. వన్‌టైమ్ సెటిల్‌మెంట్‌కు బ్యాంకు ఒప్పుకుంటే కొంత తగ్గుతుంది గానీ, సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. కొత్త లోన్‌కు అది అడ్డే. లోక్ అదాలత్‌లో రాజీకి కోర్టు ఫీజు ఉండదు.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరిస్తే ముందు బ్యాంకుకు రాసివ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకు టోల్ ఫ్రీ నంబర్ 14448.